అప్పడం విరిగితే పని, వంగితే సెలవు

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను అన్నం తింటున్నాను. బొమ్మిడాయిల పులుసు. ఫోన్ చేసినది ఏలూరులో సంగీత వాయిద్యాల కొట్టు నడిపే ఆయన. "మహానుభావుడండి. అలాంటి మనిషి మళ్ళీ పుట్టడండి" అంటూ గొంతు బొంగురు చేసుకున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా! "అవునండి, పుట్టకూడదండి కూడా" అన్నాను. ఆయన ఛార్జింగ్ అయిపోతోందని చెప్పి పెట్టేశాడు. నేను ఇంకో ముక్క వేసుకున్నాను. మా ఆయన నా మొహం చూసి కంచంలోకి తలదించుకున్నాడు.

మాస్టారి పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ నాలుగు నోళ్ళలో నానుతుంది. తాడేపల్లిగూడెం నుంచి ముదినేపల్లి దాకా ఏ చర్చిలో గిటారు మోగినా చాలావరకు అది ఆయన చేసిందే. పనస చెక్క ఒళ్ళు, దేవదారు ముందుపలక, కన్నంలోంచి తొంగిచూస్తే కనపడేలా లోపల అతికించిన ఆయన పేరు. అక్కడ ఉన్నది చాలు. ఇక్కడ కూడా ఎందుకు?

నేను పెంటపాడు పిల్లని. ఏలూరులో డిగ్రీ చదువుతూ చర్చి గాయకబృందంలో గిటారు వాయించేదాన్ని. వాయించడం కంటే దాని పొట్టలో ఏముందో చూడాలనే పిచ్చి ఎక్కువ నాకు. చదువయ్యాక ఆ ఊళ్ళోనే ఉన్న మాస్టారి షెడ్డుకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నన్ను పైనించి కిందికి చూసి, "ఆడపిల్లకి ఉలెందుకమ్మాయ్?" అన్నారు. "నేర్చుకోడానికండి" అన్నాను. "సరే, ముందు ఊడ్చు" అన్నారు. ఊడ్చాను.

మాస్టారు పొడుగ్గా, సన్నగా, మెడదాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కాలో ఉండేవారు. జేబులో ఒక పెన్సిల్ ముక్క, గిటారు మెడ మీద మెట్లుగా కొట్టే ఫ్రెట్ తీగ ముక్క ఒకటి. ఆ తీగతో పళ్ళు కుట్టుకునేవారు. ఏదైనా చూపించాలంటే వేలు వాడరు, గడ్డంతో చూపిస్తారు. ఎవరైనా గిటారు కోసం వస్తే పలక ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని, నడిమి వేలి కణుపుతో టకటకమని కొట్టి, కళ్ళు మూసుకునేవారు. వచ్చినవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టేవారు. చాలాసేపయ్యాక "ఊఁ" అని ఒక్క మూలుగు. అంతే. జనం అక్కడే పడిపోయేవాళ్ళు. ఆ పలకనే వాడాలని ఆయన అంతకుముందు రోజే గీత గీసుకుని ఉంటారు. కళ్ళు మూసుకోవడం వచ్చినవాళ్ళ కోసం. "చెక్క అబద్ధం చెప్పదండి, మనిషే చెబుతాడు" అని కూడా అనేవారు, పళ్ళు కుట్టుకుంటూ. తన సంగతి తనకి తెలుసు కాబోలు.

పనిమంతుడు కాడని నేననను. అక్కడే నా కడుపుమంట. ఆ పొడుగు వేళ్ళు చిత్రిక పడుతుంటే చెక్క ఉల్లిపొరలా లేచేది. చూస్తూ నిలబడిపోయేదాన్ని. నేను చూస్తున్నానని తెలియగానే ఆయన వీపు తిప్పేసేవారు. ముందుపలక లోపలివైపు సన్నని బద్దలు అతికిస్తారు. గిటారు గొంతంతా వాటిలోనే ఉంటుంది. ఆ పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ "టీ తీసుకురా అమ్మాయ్" అనేవారు. వంతెన దాటి వెళ్ళి వచ్చేసరికి బద్దలు అతికి, క్లాంపులు బిగిసి ఉండేవి. టీ అన్నారంటే అసలు పని మొదలైందని అర్థం. ఓ రోజు తెలివి చూపించి ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళాను. ఆయన ఒక గుక్క తాగి, "చల్లారిపోయిందమ్మాయ్, పోయి వేడిది తే" అన్నారు. నోరు కాలి పొక్కేంత వేడిగా ఉందది.

షెడ్డు సంగతి చెప్పాలి. కాలవ గట్టున, ఒకప్పుడు తివాచీల మగ్గం ఉన్న పాత షెడ్డది. కాలవ వైపు కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. వెలుతురు తగిలితే చెక్క పాడవుతుందట. లోపల ఏ వస్తువూ ఉండాల్సిన చోట ఉండదు. ఉలి సంచిలో, సంచి డ్రమ్ములో, డ్రమ్ము మీద పిల్లి. "అది తే" అనేవారు. ఏది? అడగకూడదు. ఆయన చెయ్యి చూసి, మొహం చూసి, మన తలరాత చూసి ఏదో ఒకటి అందించాలి. తప్పయితే అది మనమీదికే తిరిగి వచ్చేది. ఒకసారి ఆయన ఊళ్ళో లేనప్పుడు షెడ్డంతా సర్దాను. ఉలులన్నీ ఒకచోట, ఆకురాళ్ళన్నీ ఒకచోట పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి, ఒక్క మాట అనకుండా, మొత్తం నేలమీద బోర్లించారు. "సర్దిన ఇంట్లో దొంగకి పని తేలిక" అన్నారు. "ఇక్కడ దొంగెవరండి?" అన్నాను. గడ్డంతో నన్నే చూపించారు.

అయినా ఉన్నాను. ఏళ్ళ తరబడి ఉన్నాను. వంతెన దాకా పరుగెత్తి, సగం టీ ఒలకబోసుకుని, పరుగున వచ్చి, తలుపు సందులోంచి చూసి నేర్చుకున్నాను.

ఇక అప్పడం. ఆయన దగ్గర నేను నేర్చుకున్న వాటిలో ఆయన దాచకుండా నేర్పింది ఇదొక్కటే. గోడకి మేకు, మేకుకి దారం, దారానికి ఒక పచ్చి అప్పడం. కొల్లేరు పక్కన గాలి ఎప్పుడు పొడిగా ఉంటుందో ఎప్పుడు తడిగా ఉంటుందో చెప్పడం ఎవరి తరం? తడి గాలికి చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన పలకని అతికించేస్తే, ఎండాకాలంలో అది ముడుచుకుందామని చూస్తుంది, జిగురు వదలదు, మధ్యకి పగులుతుంది. అందుకని రోజూ పొద్దున్నే అప్పడాన్ని రెండు వేళ్ళతో వంచి చూడాలి. టక్కున విరిగితే ఆ రోజు పలకలు అతికించొచ్చు. తోలులా వంగితే జిగురు ముట్టుకోకూడదు. "అప్పడం విరిగితే పని, వంగితే సెలవు" అనేవారు. విరిగిన దాని స్థానంలో ఇంకోటి కట్టేవారు. మా వైపు గిటార్లు చేసినవాడెవడైనా అప్పడం మాట కాదనడు.

ఓ వర్షాకాలం మా పెంటపాడు సంఘపెద్ద షెడ్డుకి వచ్చారు. చర్చికి కొత్త గిటారు కావాలన్నారు. మాస్టారు పలక తీసి చెవి దగ్గర పెట్టుకోబోయారు. "మీది కాదండి. ఏమీ అనుకోకండి. మా ఊరి పిల్ల చేతిదే కావాలంటున్నారండి అందరూ" అన్నారు పెద్దాయన. మాస్టారు పలక కిందపెట్టి, తీగ తీసి పళ్ళు కుట్టుకున్నారు. "దానికేవుందండి, తప్పకుండా చేయిద్దాం" అన్నారు. అబ్బ, పైకి కరుకు గానీ లోపల వెన్న అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

ఒళ్ళు నేనే వంచాను. మెడ నేనే చెక్కాను. బద్దలు నేనే అతికించాను, నన్ను టీకి పంపేవాళ్ళు లేరు. ముందుపలకని ఒంటికి అతికించడం ఒక్కటే మిగిలింది. అప్పుడు పట్టింది ముసురు. కొల్లేరు పొంగి ఊళ్ళ మీదికొచ్చింది. ఏ పూట చూసినా అప్పడం తడిగుడ్డలా వేలాడేది. నేను రోజూ దాన్ని వంచడం, ఉసూరుమనడం. ఒక పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. వెళ్ళేసరికి మాస్టారు గుమ్మంలోనే ఉన్నారు. గడ్డంతో మేకు వైపు చూపించి, "చూడు" అన్నారు. వంచాను. టక్!

"గాలి తిరిగిందమ్మాయ్, పడమటి గాలి. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో. నీ పలక అతికించేసుకో" అన్నారు. వెచ్చని జిగురు గిన్నె ఆయనే నా చేతికిచ్చారు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన మాత్రం ఆ రోజు ఏమీ అతికించలేదు. అరుగు మీద కూర్చుని పళ్ళు కుట్టుకున్నారు. అది నాకప్పుడు వింతగా అనిపించలేదు.

క్రిస్మస్‌కి గిటారు చర్చికి ఇచ్చాం. గొంతు ఎంత బాగుందో! మా అమ్మ ఊరంతా తిరిగి చెప్పుకుంది. వేసవి వచ్చింది. రోహిణీ కార్తెలో ఓ ఆదివారం, ఆరాధన మధ్యలో, రెండో పాట నడుస్తుండగా ఫట్‌మని కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. ముందుపలక కన్నం దగ్గర్నుంచి అడుక్కి చీలిపోయింది. తీగలు వదులై మూలిగాయి. పాట ఆగిపోయింది. అందరూ తిరిగి నన్ను చూశారు. సంఘపెద్ద, పాపం, సర్దిచెప్పబోయారు. "రోహిణీ కార్తెకి రోళ్ళే పగులుతాయంటారు, మన పిల్ల గిటారు ఎంతండి!" అన్నారు. చర్చి చర్చంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

తర్వాతి ఆదివారం మాస్టారే పెంటపాడు వచ్చారు. పిలవకుండానే. పగిలిన గిటారు అందరి ముందూ చేతిలోకి తీసుకుని, లోపల వేళ్ళు పెట్టి తడిమి, కణుపుతో కొట్టి, కళ్ళు మూసుకున్నారు. "ఊఁ" అన్నారు. తర్వాత ఎంత మెత్తగా, ఎన్ని అండీలు పెట్టి చెప్పారనుకున్నారు! "చెక్క మంచిదేనండి. ఆడపిల్ల చేతికి చెమటెక్కువండి. ఆ తడి జిగురులోకి పోయిందండి. ఈ పని నీకు పడదమ్మా అని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండి, వినలేదండి." తను చేసిన గిటారొకటి వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

చెమట చెయ్యి. ఆ రెండు మాటలూ నాకన్నా ముందు ప్రతి ఊరికీ వెళ్ళాయి. నేను ఆ షెడ్డు మానేశాను. పెళ్ళయ్యాక తాడేపల్లిగూడెంలో మా ఆయన సెల్‌ఫోన్ల కొట్టు వెనకగదిలో నా పని నేను మొదలుపెట్టాను. నా గిటార్లు ఎక్కడెక్కడివాళ్ళో కొనుక్కున్నారు. ఒక్కటీ పగల్లేదు. మా చుట్టుపక్కల చర్చిలు మాత్రం ఒక్కటీ అడగలేదు. పెంటపాడువాళ్ళు తీగ తెగితే వచ్చేవాళ్ళు, మార్చేదాన్ని. "నీ చెయ్యి మంచిదేనమ్మా, చెమటే..." అని జాలిపడి వెళ్ళేవాళ్ళు. నా సొంత ఊరు, నన్ను ఎత్తుకుని తిరిగినవాళ్ళు! లోకమంతా మెచ్చుకున్నా నాకెందుకు? ఆ చర్చిలో, ఆ జనం నోటి నుంచి, నా చేతి తప్పు కాదన్న ఒక్క మాట వినాలి. అది వినకుండా చావకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అప్పడం విరిగిన రోజున అతికించినది ఎందుకు పగిలిందో మాత్రం నాకు అర్థం కాలేదు. ఎన్నోసార్లు నా అరచేతులు చూసుకున్నాను.

మాస్టారు పోయిన కొన్నాళ్ళకి ఆయన భార్య ఫోన్ చేశారు. మేమంతా పిన్నిగారనేవాళ్ళం. "అమ్మాయ్, షెడ్డు ఊరికే పడుందమ్మా. పందికొక్కులు చేరుతున్నాయి. నువ్వు తీసుకుని బాగుచేసుకుంటావా?" అన్నారు. "తీసుకుంటానండి" అన్నాను, ఆవిడ మాట పూర్తికాకుండానే. మా ఆయన, "నీకు అంత దూరం ఎందుకే? ఇక్కడ బానే ఉందిగా" అన్నాడు. పని కోసం కాదు. ఆయన ఉన్న చోట ఆయన ఆనవాలు లేకుండా చెయ్యాలి. అంతే.

మేస్త్రీని పెట్టుకున్నాను గానీ మొదటి దెబ్బ నేనే వేశాను. గునపం తీసుకుని కిటికీకి కొట్టిన చెక్కలు పీకేశాను. మేకు మేకుకీ ఆయన మొహం తలుచుకున్నాను. కాలవ గాలి, గుర్రపుడెక్క వాసనతో సహా, లోపలికి తోసుకొచ్చింది. "ఇంత గాలి పెట్టుకుని ఇన్నాళ్ళూ మూసేశారేంటండి?" అన్నాడు మేస్త్రీ. "దాచుకోడానికండి" అన్నాను.

అటక దింపించాను. తుప్పు పట్టిన క్లాంపులు, విరిగిన మెడలు, ఎండిపోయిన జిగురు డబ్బాలు, బల్లి అస్థిపంజరాలు ట్రాక్టరులోకి ఎక్కించాను. చెద పట్టిన దూలం మార్పించాను. నేల గచ్చు చేయించాను. గోడలకి బూడిద రంగు తప్ప మరోటి ఉండకూడదనేవారు ఆయన. చిలకపచ్చ వేయించాను. గాలిలో తడి లాగేసే మెషీను ఒకటి, తడి ఎంతో చూపించే మీటరు ఒకటి పెట్టించాను. ఒక గోడ నిండా ప్లైవుడ్ కొట్టి, ఒక్కో పనిముట్టుకీ ఒక్కో కొక్కెం పెట్టి, దాని చుట్టూ దాని ఆకారం గీత గీసి, కింద పేరు రాశాను. చిన్న ఉలి. పెద్ద ఉలి. చిత్రిక. రంపం. ఆకురాయి. గుమ్మంలో నిలబడిన కొత్తవాడు కూడా ఏది ఎక్కడుందో చెప్పగలడు. రా మాస్టారూ, ఇప్పుడు బోర్లించు చూద్దాం!

ఒంటి ఆకారం చేసే అచ్చులు ఆయన రోజూ సాయంత్రం గుడ్డసంచిలో ఇంటికి పట్టుకుపోయేవారు. నేను ఉన్నన్నాళ్ళూ ఒక్కసారీ ముట్టుకోనివ్వలేదు. పిన్నిగారు వాటిని తెచ్చి, "మంచం కింద ఉన్నాయమ్మా, నీకేవన్నా పనికొస్తాయా?" అన్నారు. నా అచ్చులు నాకున్నాయి. ఆయనవి కోసి గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు చేశాను. ఎంత బాగా కుదిరిందో. నడుం దగ్గర వంపులో చెప్పులు జారకుండా నిలబడతాయి.

పిన్నిగారి గురించి చెప్పాలి. వాళ్ళిల్లు షెడ్డు వెనకే. అయినా కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిడ షెడ్డు గడప దాటలేదు. క్యారేజీ గడప మీద పెట్టి వెళ్ళిపోవాలి. నాకు మొదటిరోజు అన్నం తెచ్చినప్పుడూ అలాగే గడప మీద పెట్టి వెనక్కి తిరిగారు.

"లోపలికి రండి పిన్నిగారూ."

"పరవాలేదమ్మా, ఇక్కడ పెట్టేశాగా."

"రండంటున్నానా!"

తన పాదాలనే చూసుకుంటూ వచ్చారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డారు. మాస్టారి కుర్చీ ఒక్కటే నేను పారెయ్యలేదు, మంచి టేకు. అది లాగి వేశాను. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని అంచు మీద కూర్చున్నారు. మర్నాటికి వెనక్కి జారబడ్డారు. ఆ తర్వాత రోజు నుంచి గోడ మీద పేర్లు పైకి చదవడం మొదలుపెట్టారు, బడిపిల్లలా. ఓసారి కొక్కెం నుంచి చిన్న చిత్రిక తీసి బరువు చూసి, "ఇదా చిత్రికంటే! ఇది ఓసారి నా కాలికి తగిలిందమ్మా, ఆయన విసిరితే. గోరు ఊడిపోయింది. పేరేంటో ఇవ్వాళ తెలిసింది" అన్నారు. తీసిన చోటే, గీతకి సరిగ్గా, తగిలించారు.

అప్పడం కట్టే మేకు ఇంకా గోడకే ఉంది. రంగులవాడు దాని చుట్టూ పచ్చరంగు వేసి వదిలేశాడు. ఓ మధ్యాహ్నం పటకారుతో దాన్ని పట్టుకుని లాగుతున్నాను. పిన్నిగారు కుర్చీలో ఉన్నారు. నేను మేకు లాగినకొద్దీ ఆవిడ మొహం పాలిపోతోంది.

"ఆ అప్పడం నేనే వెచ్చబెట్టానమ్మా" అన్నారు.

"ఏ అప్పడమండి?"

"నీది. ముసుర్లో. తెల్లారకముందే లేపి, ఒక అప్పడం పెనం మీద పొంగకుండా వెచ్చబెట్టు, చెమ్మంతా పోవాలి అన్నారు. గుడ్డలో చుట్టి పట్టుకుని షెడ్డుకి వెళ్ళారు. ఎందుకని అడగలేదు. ఆయన్ని ఎందుకని అడగడం నేను మానేసి అప్పటికే చాలా ఏళ్ళమ్మా."

నా చేతిలో మేకు ఉంది.

"పెంటపాడులో గిటారు పగిలిందని కబురొచ్చినప్పుడు ఆయన అన్నం తింటున్నారు. నవ్వారు. కాపురానికొచ్చాక ఆయన పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూడలేదమ్మా. అప్పుడు తెలిసింది నాకు, ఆ అప్పడం ఎందుకో."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మీరు?" అరిచాను. బయట మేస్త్రీ పని ఆపేశాడు. "నా చేతులు కోసుకుందామనుకున్నానండి నేను! నా చెమట అనుకున్నాను. చలికాలంలో కూడా పౌడరు రాసుకుని పనిచేశాను. మీకు తెలిసి, తెలిసి కూడా..."

"ఎవరికి చెప్పనమ్మా? చెప్పాక ఏ ఇంటికెళ్ళను?"

బయటికి వెళ్ళి కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. ఎంత పని చేశావురా దుర్మార్గుడా! ముసుర్లో అరచేతిలో పెట్టుకుని మోసుకొచ్చావా అప్పడాన్ని! పైగా జిగురు గిన్నె చేతికిచ్చి ఆశీర్వదించావా! పెనం మీద వెచ్చబెట్టిన అప్పడానికి ముసురు తెలుస్తుందా ఎక్కడైనా? తల్లి గుడ్డలో చుట్టిన పసిగుడ్డులా ఉంటుందది. నేను జిగురునీ, చెక్కనీ అనుమానించాను, నా ఒంటిని అనుమానించాను. ఆయన్ని మాత్రం అనుమానించలేదు. బతికుంటే జుట్టు పట్టుకుని పెంటపాడు దాకా నడిపించేదాన్ని. చచ్చి బతికిపోయాడు. పోనీలే అని ఊరుకోడానికి నేనేం దేవతని కాదు.

తిరిగి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. "పిన్నిగారూ, మా ఊరి చర్చికి వచ్చి సాక్ష్యం చెబుతారా?" అన్నాను. మా చర్చిల్లో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి తమ జీవితంలో జరిగినది అందరి ముందూ చెప్పుకోవచ్చు. అక్కడ చెప్పిన మాటని ఊరు మర్చిపోదు. పోయిన మొగుడి పరువు ఆయన సమాధి తడి ఆరకుండా బజార్న పెట్టమని అడుగుతున్నానని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఏ ఆదివారం?" అన్నారు.

పెంటపాడు చర్చి నిండిపోయింది ఆ ఆదివారం. మాస్టారి భార్య వస్తున్నారని ముందే చెప్పారు. సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు, "ఏలూరు నుంచి వచ్చిన మన సహోదరి, మన ప్రియమైన మాస్టారి గురించి రెండు మాటలు పంచుకుంటారు" అన్నారు. ఆడవాళ్ళు అప్పటికే కొంగులు చేతిలోకి తీసుకున్నారు, ఏడవడానికి.

పిన్నిగారు తలమీద కొంగు సర్దుకుని లేచారు. "వందనాలండి. ఈ చర్చిలో పగిలిన గిటారండి, అది ఈ అమ్మాయి చేతి తప్పు కాదండి. మా ఆయన చేయించారండి. నాచేత అప్పడం వెచ్చబెట్టించి, గాలి పొడిగా ఉందని ఈ పిల్లని నమ్మించారండి. చెమటన్నది అబద్ధమండి. నాకు తెలిసి కూడా ఇన్నేళ్ళూ దాచానండి. అంతేనండి." కూర్చోలేదు. అలాగే నిలబడ్డారు.

కొంగులన్నీ గాలిలోనే ఆగిపోయాయి. రోళ్ళ మాట అన్న సంఘపెద్ద, బాగా ముసలాయనైపోయారు, కర్ర పట్టుకుని మెల్లిగా లేచారు. "అయితే మన పిల్ల చేతి తప్పు కాదన్నమాట. మనమేనండి తప్పు. నవ్వాం" అన్నారు.

ఆ మాట విన్నాను. ఇన్నేళ్ళూ దేనికోసం పళ్ళు కొరుక్కుని బతికానో ఆ మాట, ఆ చోటనే, ఆ జనం ముందే. నా ఒళ్ళు తేలికైపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది.

పాస్టరుగారు మంచివారు. మంచివాళ్ళకి ఏదీ సగంలో వదిలెయ్యడం రాదు. చేతులు చాపి, "ప్రభువుకి స్తోత్రం! ఈ తల్లి ఒప్పుకుంది. ఆ పెద్దాయన దేవుడి దగ్గర ఉన్నారు. అమ్మాయ్, లేమ్మా. ఈ సంఘం ముందు, మాస్టారిని క్షమించానని ఒక్క మాట చెప్పమ్మా. అక్కడితో ఈ భారం దిగిపోతుంది" అన్నారు.

లేచాను. అందరూ ఇటు తిరిగారు. వెనకటిసారిలాగే, కాకపోతే ఈసారి ప్రేమగా. మా వైపువాళ్ళకి పెద్దల ముందు కాదనడం పుట్టుకతో రాదు. "అలాగేనండి" అన్న మాట నా నాలిక మీదికి దానంతటదే వచ్చి కూర్చుంది. దాన్ని మింగేశాను.

"పిన్నిగారిని క్షమించానండి. ఆయన్ని లేదండి."

పాస్టరుగారి చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. "అమ్మా, చనిపోయిన మనిషమ్మా..."

"అందుకేనండి ఇంతతో ఊరుకున్నాను."

ఎవరో అయ్యయ్యో అని నాలిక కరుచుకున్నారు. పాస్టరుగారు ఏం చెయ్యాలో తోచక, ఇంకా నిలబడే ఉన్న పిన్నిగారి వైపు తిరిగారు. "మీరైనా చెప్పండమ్మా. ఆయనతో కాపురం చేసినవారు. మీరు క్షమించారని వింటే ఈ పిల్ల కూడా..."

పిన్నిగారు కొంగు భుజం మీదుగా నిండా కప్పుకున్నారు.

"నన్ను అడక్కండి పాస్టరుగారూ. నాకింకా కుదర్లేదండి."